పడవకు పూసే రంగు నీటికి విషం కారాదు

కమాన్‌పూర్: సముద్రంలో తిరిగే పడవల అడుగున గుల్లలు, నాచు పడతాయి. అందువల్ల పడవ నడక మందగిస్తుంది, డీజిలు ఎక్కువ కాలుతుంది. వీటిని ఆపడానికి విషం కలిపిన రంగులు పూయడం ఆనవాయితీ అయింది. వాటిలో ట్రైబ్యుటైల్ టిన్ అనే తగరపు మందు ఆల్చిప్పలను దెబ్బతీసింది. కొన్ని జాతుల ఆడనత్తలకు మగ లక్షణాలు వచ్చి సంతతి ఆగిపోయింది. 2001లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం 2008లో అమలులోకి వచ్చి ఈ మందును నిషేధించింది. నేడు వాడుతున్న రాగి రంగులు కూడ జలచరాలకు మంచివి కావు. విషం లేని సిలికాన్ పూతలు వచ్చాయి గాని, వాటి ఖరీదు ఎక్కువ.

సముద్రానికి ఇంత దూరాన ఉన్న ఈ ప్రాంతానికి ఆ గొడవ ఎందుకని కొందరు అడగవచ్చు. ఎల్లంపల్లి జలాశయంలో సుమారు 20 టి.ఎం.సి.ల గోదావరి నీరు నిలుస్తుంది. హైదరాబాదు ప్రజలు ఆ నీరు తాగుతున్నారు. గంగపుత్రులకు, ముదిరాజులకు గోదావరి చేపలే జీవనాధారం.

మంచినీటిలో సముద్రపు గుల్లలు పెరగవు. పట్టేది ఎక్కువగా పాచే. దానికి విషపు రంగు అక్కరలేదు. పడవను ఒడ్డుకు లాగి, బోర్లించి, ఎండబెట్టి, పీచుతో రుద్దితే చాలు. గీకిన పాత రంగును నీటిలో పడనీయరాదు.

పడవలకు ఏ రంగు పూయాలో, ఏది కూడదో మత్స్యశాఖ వారు గ్రామాలలో తెలియజేయాలి. మత్స్య సహకార సంఘాలు కూడ ఈ సంగతి పట్టుబట్టి అడగాలి. నీరు చెడిన తర్వాత విచారించి లాభం లేదు.