మా నాటకంలో కౌగిలింత ఉండదు

కాలేజీ వార్షికోత్సవానికి 'బడిలో వేధింపులు' మీద నాటకం కావాలన్నారు. మా విద్యార్థులు రాశారు. చదివిన పెద్దలు రెండు మార్పులు అడిగారు. కులం మాట తీసేయాలట. చివర్లో ఏడిపించినవాడూ ఏడ్చినవాడూ కౌగిలించుకోవాలట.

మొదటి సీను ఇది. హైస్కూలు తరగతి. సారు కాగితాల కట్టతో వస్తాడు. "ఎస్సీలు లేచి నిలబడండ్రా, స్కాలర్‌షిప్ ఫారాలు నింపాలి" అంటాడు. నలుగురు లేస్తారు. వెనక బెంచీలో ఒక నవ్వు. ఆ రోజు నుంచి ఆ నలుగురికీ పేర్లుండవు. ఈ సీను రాసిన పిల్లాడిదీ, నాదీ. మధ్యలో ఇరవయ్యేళ్లు గడిచాయి, అంతే తేడా.

సారు కొట్టలేదు, తిట్టలేదు. మరి ఎవరిని కౌగిలించుకోవాలి?

బడిలో అంబేడ్కర్ కూర్చున్న గోనెపట్టాను నౌకరు ముట్టుకోడు. రోజూ ఆయనే ఇంటికి మోసుకెళ్లి మళ్లీ తెచ్చుకోవాలి. ప్యూను లేని రోజు నీళ్లు లేవు. అది ఒక పోకిరి పిల్లాడి పని కాదు, బడి నడిచే పద్ధతి. నాగరాజ్ మంజులే 2013 నాటి మరాఠీ సినిమా 'ఫాండ్రీ'లో జబ్యా చివర విసిరే రాయి కెమెరా మీదికే, అంటే చూస్తున్న మన మీదికే వస్తుంది.

కులం తీసేస్తే మిగిలేది అల్లరి. అల్లరికి సారీ చాలు. కులానికి చాలదు.

మార్పులు చెయ్యం. స్టేజీ ఇవ్వకపోతే హాస్టల్ మెట్ల మీద ఆడతాం. చివర్లో పిల్లాడు ప్రేక్షకుల వైపు తిరిగి ఒక్కటే అడుగుతాడు:

"ఆ రోజు నవ్వినవాళ్లు లేచి నిలబడండి."

జై భీమ్.