కప్పు కింద ఆరు కోర్టులు

జనవరి నెల. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో బయట అడుగుపెడితే ఎముకలు కొరికే చలి... మంచు. యూనివర్సిటీల టెన్నిస్ సీజను ఊపందుకునేది సరిగ్గా అప్పుడే! మే నెలలో జాతీయ పోటీలు. మరి అప్పటిదాకా ఆడేదెక్కడ?

అందుకే అర్బానా-షాంపేన్‌లోని ఇల్లినాయ్ యూనివర్సిటీకి 1991లో అట్కిన్స్ టెన్నిస్ సెంటర్ వచ్చింది. స్థానిక వ్యాపారి క్లింట్ అట్కిన్స్ కుటుంబం ఇచ్చిన విరాళమది. కప్పు కింద ఆరు కోర్టులు. ఆరే ఎందుకంటారా? కాలేజీ మ్యాచ్ మనం టీవీలో చూసే ఇద్దరి పోరు కాదు. ముందు మూడు డబుల్స్... అందులో రెండు గెలిస్తే ఒక పాయింటు. తర్వాత ఆరు సింగిల్స్, ఒక్కోదానికీ ఒక్కో పాయింటు. మొత్తం ఏడింటిలో ముందుగా నాలుగు ఎవరికొస్తే గెలుపు వాళ్లదే. ఆరు కోర్టులుంటే సింగిల్స్ అన్నీ ఒకేసారి మొదలవుతాయి. నాలుగే ఉంటే, రెండు మ్యాచ్‌ల వాళ్లు రాకెట్లు ఒళ్లో పెట్టుకుని కూర్చోవాల్సిందే.

చలికి ఆట ఆగకపోవడం వల్లేనని చెప్పలేం గానీ, 2003లో ఆ జట్టు 32 మ్యాచ్‌లాడి ఒక్కటీ ఓడలేదు. జట్టు టైటిల్, సింగిల్స్, డబుల్స్... మూడూ దానివే. డబుల్స్ గెలిచిన జోడీలో ఒకడు భారతీయ దంపతుల బిడ్డ రాజీవ్ రామ్. అప్పటి కోచ్ క్రెయిగ్ టైలీ తర్వాత ఆస్ట్రేలియన్ ఓపెన్ డైరెక్టరయ్యాడు!

ఆరుబయట కోర్టుల కథ ఇంకా బాగుంటుంది. వాటి పేరు ఖాన్ కాంప్లెక్స్. లాహోర్‌లో పుట్టి, పదహారేళ్లకు ఇంజినీరింగ్ చదవడానికి అక్కడికొచ్చి, గంటకు డాలరుంపావు కూడా రాని కూలికి గిన్నెలు కడిగిన షాహిద్ ఖాన్ తర్వాత కారు బంపర్ల వ్యాపారంలో కోట్లు గడించాడు. తను చదివిన చోటికే ఆ కోర్టులిచ్చాడు. 2013లో, 2022లో జాతీయ ఫైనల్స్ అక్కడే జరిగాయి.

జట్టు ఆడనప్పుడు ఈ కోర్టులు ఊరివాళ్లవి. స్కూలు పిల్లలకు శిక్షణ, ఉద్యోగులకు లీగులు... డబ్బు కట్టి ఎవరైనా ఆడొచ్చు. ఆ రుసుం ఊరికే కాదు మరి! అంత పెద్ద హాలుకు చలికాలమంతా వెచ్చదనం, లైట్లు ఇవ్వాలంటే మాటలా?

పక్క రాష్ట్రం అయోవాలో మాత్రం కథ అడ్డం తిరిగింది. అక్కడి యూనివర్సిటీ కూడా 2006లో లోపల ఎనిమిది, బయట పన్నెండు కోర్టులతో జట్టుకూ జనానికీ కలిపి పెద్ద కాంప్లెక్స్ తెరిచింది. 2020లో కరోనా వచ్చింది. ఆటల శాఖను పోషించే ఫుట్‌బాల్ రాబడికి గండి పడింది. ఖర్చు తగ్గించాలని ఆ ఆగస్టులో వేటు వేసిన జట్లలో పురుషుల టెన్నిస్ ఒకటి! కోర్టులు బాగానే ఉన్నాయి. వాటికోసం దేశదేశాల నుంచి వచ్చిన కుర్రాళ్లే వేరే యూనివర్సిటీ వెతుక్కోవాల్సి వచ్చింది.

మనకేంటి అంటారా? ఉయ్యూరులో పుట్టిన సాకేత్ మైనేని ఇలాంటి జట్టులోనే, అలబామా యూనివర్సిటీ తరఫున ఆడాడు. 2014 ఆసియా క్రీడల్లో సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం తెచ్చాడు. చదువూ ఆటా రెండూ వదలకుండా సాగాలనుకునే మన పిల్లలకు అదో దారి. అయోవాలో ఆ తలుపు 2020-21 సీజనుతో మూసుకుంది.