బొగ్గు మీద సెస్సు మళ్లీ వెయ్యాలి, ఆ డబ్బు ఇంటింటికీ పంచాలి

2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారినప్పుడు సబ్బులు, టీవీలు, కార్ల ధరలు ఎంత తగ్గాయోనని ఊరంతా మాట్లాడుకున్నారు. అదే రోజు బొగ్గు మీద టన్నుకు 400 రూపాయల సెస్సు ఎత్తేశారు. దాని బదులు జీఎస్టీని 5 శాతం నుంచి 18 శాతానికి పెంచారు కాబట్టి పన్ను ఎక్కడికీ పోలేదనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. టన్ను 4,000 రూపాయల మేలురకం బొగ్గు మీద అంతకుముందు 600 పడేది, ఇప్పుడు 720 పడుతోంది. టన్ను 1,500 రూపాయల నాసిరకం మీద 475 పడేది, ఇప్పుడు 270తో సరిపోతోంది. బూడిద ఎక్కువ, వేడి తక్కువ ఉండి, అదే కరెంటు కోసం ఎక్కువ టన్నులు తగలెయ్యాల్సిన బొగ్గుకే పన్ను తగ్గిందన్నమాట. ఇది సరిదిద్దాల్సిన తప్పు.

టన్ను బొగ్గు కాలితే సుమారు టన్నున్నర కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. ఆ నష్టం కరెంటు బిల్లులో కనపడదు గాని, ఎవరో ఒకరు కడుతూనే ఉన్నారు. 2015 మే నెల వడగాడ్పుల్లో రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఆ ఒక్క వేసవిని బొగ్గు ఖాతాలో రాయలేం. కానీ అలాంటి వేసవులు తరచూ రావడానికి ఈ వాయువులే కారణమని శాస్త్రం తేల్చింది. నష్టం కలిగించేవాడి చేత దాని ధర కట్టించడమే కార్బన్ ధర. ధర పెరిగితే థర్మల్ కేంద్రం బొగ్గు పొదుపు చూసుకుంటుంది, డిస్కం సౌర విద్యుత్తు వైపు మొగ్గుతుంది. కేంద్రం 2023లో నోటిఫై చేసిన కార్బన్ క్రెడిట్ల పథకం సిమెంటు, అల్యూమినియం వంటి పరిశ్రమలతో మొదలైంది గాని, అన్నిటికంటే ఎక్కువ బొగ్గు మండించే థర్మల్ విద్యుత్తును బయటే ఉంచింది.

ఈ సెస్సు మనకు కొత్త కాదు. 2010లో టన్నుకు 50 రూపాయలతో మొదలై 2016 నాటికి 400కు చేరింది. స్వచ్ఛ ఇంధనానికని చెప్పి వసూలు చేసిన సుమారు 86 వేల కోట్లలో అందుకోసం పెట్టిన నిధికి చేరింది 30 వేల కోట్ల లోపే, పనులకు ఖర్చయింది 16 వేల కోట్ల దరిదాపే. 2017 నుంచి మొత్తం రాష్ట్రాల జీఎస్టీ పరిహారానికి మళ్లింది. జనం చేతికి పైసా రాలేదు కాబట్టే, ఎత్తేసినప్పుడు అడిగేవాళ్లు లేకపోయారు.

పేదవాడి కరెంటు బిల్లు పెరగదా అన్న ప్రశ్న న్యాయమైనది. యూనిట్‌కు సుమారు 650 గ్రాముల బొగ్గు కాలుతుంది. దాని మీద సెస్సు 26 పైసలు. నెలకు వంద యూనిట్లు వాడే ఇంటికి ఏడాదికి 312 రూపాయలు. దేశం ఏటా వంద కోట్ల టన్నులకు పైగా బొగ్గు వాడుతోంది. అంటే కనీసం 40 వేల కోట్ల రాబడి. 140 కోట్ల మందికి సమానంగా పంచితే నలుగురున్న ఇంటికి 1,100 రూపాయలు దాటుతుంది. సిమెంటు, ఇనుము కాస్త ప్రియమైనా, అవి ఎక్కువ కొనేది ఉన్నవాళ్లే. గ్యాస్ రాయితీ వేసినట్టే దీన్నీ బ్యాంకు ఖాతాలో వెయ్యొచ్చు. అయితే అది దేని డబ్బో జనానికి తెలియాలి. కెనడా కూడా ఇలాగే డబ్బు తిరిగి ఇచ్చింది, కానీ అది ఎందుకు వస్తోందో చాలామందికి తెలియలేదు. చివరికి 2025 ఏప్రిల్లో ఇంధనం మీద జనం కట్టే కార్బన్ రుసుమునే రద్దు చేశారు.

తలసరి ఉద్గారాల్లో అమెరికాకు మనం చాలా దూరంలో ఉన్నాం, మనమెందుకు కట్టాలని మరికొందరంటారు. కట్టక తప్పని చోటు ఒకటి వచ్చేసింది. 2026 జనవరి నుంచి యూరప్ దిగుమతి చేసుకునే ఉక్కు, అల్యూమినియం మీద కార్బన్ సుంకం లెక్కిస్తోంది. సొంత దేశంలో ధర కట్టి ఉంటే ఆ మేరకు మినహాయిస్తుంది. ఇక్కడ కడితే ఆ డబ్బు మన ఇళ్లకొస్తుంది, లేకపోతే యూరప్ ఖజానాకు పోతుంది. సింగరేణి కార్మికుల సంగతి వేరు. కొత్తగూడెం, రామగుండం బొగ్గు మీదే బతుకుతున్నాయి. గనులు మూతపడక ముందే అక్కడ వేరే పనులు నిలబెట్టడానికి రాబడిలో కొంత భాగాన్ని చట్టంలోనే రాసి పెట్టాలి.

బొగ్గు మీద జీఎస్టీని మళ్లీ 5 శాతానికి దించి, సెస్సును 400తో మొదలుపెట్టి ఏటా పెంచుకుంటూ పోవాలి. జీఎస్టీ కౌన్సిల్లో రెండు తెలుగు రాష్ట్రాల ఆర్థిక మంత్రులకూ ఓటుంది. బడ్జెట్ లోపు వాళ్లనూ మీ ఎంపీనీ అడగండి: టన్నుకు ఎంత వేస్తారు, ఎప్పటి నుంచి, మా ఇంటి ఖాతాలో ఎంత పడుతుంది?