పాత కారుకు సామాను మార్చేముందు జబ్బు తెలియాలి

పల్నాడు పల్లెల్లో మారుతి 800 కార్లు నేటికీ తిరుగుతూనే ఉన్నాయి. 1983 డిసెంబరులో మొదటి బండి రోడ్డెక్కింది. 2014 జనవరిలో తయారీ ఆగిపోయింది. అంటే మన ఊళ్లలో ఉన్నవాటిలో అన్నిటికన్నా చిన్నది కూడా పదేళ్లు దాటినదే. రెండు మూడు చేతులు మారి వచ్చినవే ఎక్కువ. మిర్చికి ధర పలికిన ఏడాది కొన్నవి కొన్ని, పట్నంలో ఉద్యోగం చేసే కొడుకు కొత్త కారు కొనుక్కొని తండ్రికి వదిలిపోయినవి కొన్ని.

ఈ డొక్కు బండ్లను చూసి నవ్వేవారు నవ్వవచ్చు. 2005 నుంచి 108 అంబులెన్సులు నడుస్తున్నాయి, వాటివల్ల జరిగిన మేలు తక్కువ కాదు. అయినా అర్ధరాత్రి పాము కరిచినా, పురిటి నొప్పులు వచ్చినా, వీధిలో కారున్న ఇంటి తలుపు తట్టడం ఇంకా పోలేదు. ఆ వేళకు బండి కదలకపోతే పోయేది ఒక్క కారు యజమాని పరువు మాత్రమే కాదు. అందుచేత ఈ పాత కార్ల బాగోగులు ఊరందరికీ కావలసిన విషయమే.

ఇక అసలు బాధ. ఈ బండ్లకు మరమ్మతు పేరుతో అవుతున్న ఖర్చులో చాలా భాగం అనవసరమైనదే. బండి వేడెక్కుతున్నదని ఒక రైతు షెడ్డుకు తీసుకుపోతాడు. మొదటిరోజు రేడియేటరు మారుతుంది. వారం తిరక్కుండానే మళ్లీ వేడి. ఈసారి వాటరు పంపు మారుతుంది. మూడోసారి హెడ్డు దించుతారు. చివరకు తేలేదేమిటి? రేడియేటరు ముందున్న కరెంటు ఫ్యాను తిరగడం లేదు. ఫ్యూజు పోయింది, లేదా ఫ్యానును తిప్పే థర్మో స్విచ్చి చచ్చింది. వందల్లో పోయేది వేలకు ఎక్కింది. ఇది ఏ ఒక్క ఊరి కథ కాదు. కారున్న పదిమందిని అడిగితే ఇలాంటివి నాలుగైనా చెబుతారు.

దీనికి మెకానిక్కులను మాత్రమే తిట్టడం న్యాయం కాదు. మనకొక అలవాటున్నది. డాక్టరు నాడి పట్టుకొని చీటీ రాస్తే మారుమాట లేకుండా ఫీజు ఇస్తాం. మెకానిక్కు గంటసేపు కారు కింద దూరి, వైర్లు పట్టి చూసి, “పెద్ద ఇబ్బందేమీ లేదండీ, ఒక ఫ్యూజు వేశాను” అంటే మాత్రం “దానికి డబ్బులేమిటయ్యా?” అంటాం. సామాను మారిస్తేనే మన దృష్టిలో పని జరిగినట్టు. చూసినందుకు కూలి రానప్పుడు మార్చినందుకు మిగిలే డబ్బుతోనే అతను ఇల్లు నడుపుకోవాలి. అలాంటప్పుడు సామాను మారక ఏమవుతుంది? జబ్బు కనిపెట్టినందుకు విడిగా కూలి ఇచ్చే పద్ధతి మన షెడ్లలో రావాలి. రెండు మూడు వందలైనా సరే, ముందుగా మాట్లాడుకొని ఇవ్వాలి. అది దండుగ అనుకునేవారు కిందటి ఏడాది తాము మార్పించిన సామాను లెక్క ఒకసారి వేసుకోవాలి.

రెండో లోపం కూడా మనదే. “బండి హీటెక్కుతుంది” అని చెప్పి తాళాలు ఇచ్చి టీ తాగడానికి పోతాం. ఎప్పుడు ఎక్కుతున్నది, ఎలా ఎక్కుతున్నది అన్నది చెప్పం. సగం జబ్బు ఆ మాటల్లోనే తెలుస్తుంది. నరసరావుపేట బజారులో ఆగి ఉన్నప్పుడు ముల్లు పైకిపోయి, ఊరుదాటి గాలి తగలగానే దిగుతున్నదంటే అనుమానించవలసింది ఫ్యానును. ఇంజను ఆపకుండా ఒకచోట నిలబెట్టి చూస్తే ముల్లు సగం దాటాక ఫ్యాను తిరగాలి. తిరగకపోతే దొంగ దొరికినట్టే. అలాకాక నలుగురు ఎక్కి గట్టిగా పోతున్నప్పుడు ఎక్కుతున్నదంటే రేడియేటరు పూడుకుపోయి ఉండవచ్చు, లేదా థర్మోస్టాటు తెరుచుకోక పోవచ్చు. ఎక్కడా కారడం కనిపించకుండా నీళ్లు తగ్గిపోవడం, పొగగొట్టం నుంచి తెల్లపొగ విడవకుండా రావడం, ఆయిలు మూత తీస్తే మజ్జిగలాంటి నురగ కనిపించడం జరిగితే అప్పుడు హెడ్డు గ్యాస్కెట్టు సంగతి ఆలోచించాలి. అంతవరకు హెడ్డు దించనివ్వకూడదు.

పల్నాటి నీళ్ల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మనది సున్నపురాయి నేల. పిడుగురాళ్లలో సున్నపు బట్టీలు, మాచర్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నది ఆ రాతివల్లనే. బోరు నీళ్లు కాచిన గిన్నెకు తెల్లటి గార పట్టడం ప్రతి ఇల్లాలికీ తెలుసు. అదే నీటిని రేడియేటరులో పోస్తున్నాం. సన్నటి గొట్టాల్లో అదే గార పేరుకుంటే వేడి ఎక్కడికి పోతుంది? పైగా రెంటచింతల ఎండలు ఎలాంటివో రాష్ట్రమంతటికీ తెలుసు. ఈ ప్రాంతంలో కారున్నవారు బోరు నీళ్లు పోయడం మానుకుంటే చాలు, సగం రేడియేటర్లు బతుకుతాయి. కూలెంటు పోయించాలి. దారిలో అత్యవసరమైతే నీళ్ల ప్లాంటు డబ్బాలో నీళ్లు, లేదా బ్యాటరీలో పోసే డిస్టిల్డు వాటరు మేలు. వేడిమీద రేడియేటరు మూత తిప్పకూడదు. ముఖం, చేతులు బొబ్బలెక్కుతాయి. కాగిన ఇంజనులో చన్నీళ్లు గుమ్మరించినా హెడ్డు వంకరపోతుంది. అరగంట ఆగడమే మందు.

కొన్ని షెడ్లలో థర్మోస్టాటును అసలే తీసిపారేసి “ఇక హీటెక్కదు” అంటున్నారు. అది వైద్యం కాదు. ఇంజనుకు కావలసినంత వేడి రాక పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఆయిలు చెడిపోతుంది. దాన్ని తీయమనేవారికి మర్యాదగానే వద్దని చెప్పండి.

పొద్దున్నే స్టార్టు కాని బండి విషయానికి వస్తే, మెకానిక్కు కోసం కబురుపెట్టేముందు ఇంట్లోనే చేయగల పరీక్ష ఒకటున్నది. హెడ్‌లైట్లు వేసి సెల్ఫు కొట్టాలి. లైట్లు బాగా మసకబారితే బ్యాటరీ అయినా దిగి ఉండాలి, దాని టెర్మినళ్లకు తెల్లటి బూజైనా పట్టి ఉండాలి. లైట్లు బాగానే వెలుగుతూ “టిక్కు” మని ఊరుకుంటే సెల్ఫు మోటారు వైపు చూడాలి. సెల్ఫు చకచకా తిప్పుతూ ఇంజను మాత్రం అందుకోకపోతే అది బ్యాటరీ జబ్బు కాదు. పెట్రోలు రావడం లేదు, లేదా ప్లగ్గులో నిప్పు రావడం లేదు. ఈ మూడింటి తేడా తెలియక కొత్త బ్యాటరీలు కొన్నవారు ఊరికి ఇద్దరైనా ఉంటారు. బూజు పట్టిన టెర్మినళ్లను విప్పి, వంటసోడా కలిపిన వేడినీటితో కడిగి, ఎమిరీ కాగితంతో రుద్ది, బిగించి పైన కాస్త వాజలిను రాస్తే చాలాసార్లు అదే సరిపోతుంది. విప్పేటప్పుడు నెగటివు వైరు ముందు, బిగించేటప్పుడు చివర. తక్కువ ధరకే దొరికే మల్టీమీటరు ఒకటి ఇంట్లో ఉంచుకోవడం మంచిది. ఆగి ఉన్న బండి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపాలి, ఇంజను నడుస్తుండగా 14కు అటూ ఇటూ రావాలి. నడుస్తున్నప్పుడు కూడా పెరగకపోతే ఎన్ని బ్యాటరీలు మార్చినా ఛార్జింగు ఎక్కదు. ఆల్టర్నేటరునూ బెల్టునూ చూపించాలి.

ఈ బండి ముందు చక్రాలతో లాగుతుంది. స్టీరింగు మొత్తం తిప్పి మలుపు తిరిగేటప్పుడు “టకటక” మంటే యాక్సిలు జాయింటు అరుగుతున్నట్టు లెక్క. పత్తి కట్టెల మీదుగా, చేలగట్ల మీదుగా నడపడంలో ఆ జాయింటుకుండే రబ్బరు తొడుగు చినుగుతుంది. గ్రీజు పోయి మట్టి చేరుతుంది. చినిగిన నాడే తొడుగు వేయిస్తే చిన్న ఖర్చు. శబ్దం వచ్చాక యాక్సిలే మార్చాలి. నెలకోసారి వంగి చక్రాల వెనుక చూడడానికి ఏం కష్టం? పొగ గురించి కూడా ఒక మాట. నల్లపొగ అయితే ముందు ఎయిరు ఫిల్టరు చూడాలి, నూర్పిళ్ల దుమ్ములో తిరిగిన బండికి అది పూడుకుపోవడం సహజం. నీలంపొగ అయితే ఆయిలు మండుతున్నదన్నమాట. అంతమాత్రాన “ఇంజను బోరుకొచ్చింది” అనగానే తల ఊపకూడదు. ముందు కంప్రెషను కొలిపించాలి. ఆ కొలత చూడకుండా ఇంజను విప్పే షెడ్డు నుంచి బండి తోలుకు రావడమే మంచిది.

ఇన్ని చెప్పినా బ్రేకుల జోలికి మాత్రం ఇంట్లో పోవద్దు. కనిపెట్టడం మన పని, బాగుచేయడం తెలిసినవాడి పని. పెడలు మెత్తగా స్పంజిలా ఉంటే లైనులో గాలి చేరింది. పెడలు నొక్కి పట్టుకుంటే మెల్లగా కిందికి దిగిపోతుంటే మాస్టరు సిలిండరు దెబ్బతిన్నది. డబ్బాలో బ్రేకు ఆయిలు తగ్గుతుంటే ఎక్కడో కారుతున్నది, లేదా ప్యాడ్లు అరిగాయి. కొందరు తగ్గినచోట ఇంజను ఆయిలు పోస్తున్నారు. ఇది ప్రాణాలతో ఆట. ఆ నూనెకు రబ్బరు వాషర్లు ఉబ్బి మొత్తం బ్రేకులే పోతాయి. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది గనుక రెండేళ్లకోసారి మార్పించాలి. పెళ్లయిన కొత్త జంటతో, పిల్లాజెల్లాతో దోర్నాల దాటి శ్రీశైలం ఘాటు ఎక్కే బండ్లు మన వైపు నుంచి ఎన్ని పోతున్నాయో లెక్కలేదు. దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదిలి పెట్రోలు మిగిలిందనుకునే మహానుభావులు కూడా ఉన్నారు. రెండో గేరులో దిగితే ఇంజనే సగం బ్రేకు వేస్తుంది. మొత్తం బరువు పాత బ్రేకుల మీద వేస్తే ఆయిలు కాగి పెడలు పట్టు ఇవ్వదు.

వాడకుండా కొట్టంలో పెట్టిన బండి తిరిగే బండికన్నా త్వరగా పాడవుతుంది. పదిహేను రోజులకోసారైనా ఇరవై నిమిషాలు నడపాలి. కంది బస్తాలు, మిరప టిక్కీలు పెట్టినచోట బండి పెడితే ఎలుకలు వైర్లు కొరుకుతాయి. వైరు కొరికితే ఏ లైటు వెలుగుతుందో ఏది ఆరుతుందో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు. 2025 నాటికి దేశమంతటా బంకుల్లో 20 శాతం ఇథనాలు కలిసిన పెట్రోలు వచ్చింది. 2000 సంవత్సరం ప్రాంతం వరకు వచ్చిన మారుతి బండ్లు కార్బురేటరువి. వాటి రబ్బరు పైపులు ఈ పెట్రోలును ఉద్దేశించి చేసినవి కావు. పాత వాహనాల్లో కొన్ని రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చుకోవలసి రావచ్చునని ప్రభుత్వమే అన్నది. బండి ఎక్కగానే పెట్రోలు వాసన కొడితే అగ్గిపెట్టె గీయకుండా, స్టార్టు చేయకుండా పైపులు చూపించండి. పైపు ఖరీదు ఎంతో లేదు.

ఖర్చుకు హద్దు కూడా ఉండాలి. పదిహేనేళ్లు నిండిన కారుకు ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి. ఆ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5000 రూపాయలకు పెరిగింది. ఇరవై ఏళ్లు దాటినవాటికి 2025లో 10000 చేశారు. ఇంజను, గేరుపెట్టె, బ్రేకులు ఏవైనా బాగుచేయించుకోవచ్చు. కాని కాళ్ల కింద రేకు తుప్పుపట్టి నేల కనిపిస్తున్న బండి మీద మాత్రం ఇక రూపాయి పెట్టనక్కరలేదు. ఫీజు కట్టడానికి పోయేముందు మ్యాటు ఎత్తి, బలమైన స్క్రూడ్రైవరుతో నాలుగుచోట్ల పొడిచి చూసుకోవాలి.

మెకానిక్కు సోదరులకు కూడా మనవి. మార్చిన పాత సామాను అడగకముందే యజమాని చేతికి ఇవ్వండి. ఏం జబ్బు కనిపెట్టారో, ఏం మార్చారో చిన్న చీటీ మీద రాసివ్వండి. అది ఉంటే తరువాత చూసే మెకానిక్కు మళ్లీ మొదటినుంచి తడుముకోనక్కరలేదు. ఐటీఐలలో మోటారు మెకానిక్కు కోర్సు రెండేళ్లు చదువుతున్న కుర్రవాళ్లు చాలామంది ఉన్నారు. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకు బండ్లన్నీ బయటికి వస్తాయి. ఆ పండుగకు వారం ముందు మండల కేంద్రాల్లో ఒక్కరోజు ఆ కుర్రవాళ్లను కూర్చోబెట్టి, వచ్చిన ప్రతి కారుకూ ఫ్యాను, బెల్టు, బ్రేకు ఆయిలు, టైర్ల మీది తయారీ వారం, సంవత్సరం చూపించి చీటీ రాయిస్తే బాగుంటుంది. జిల్లా రవాణా శాఖ పూనుకుంటే దీనికి పెద్దగా ఖర్చు కూడా లేదు. వచ్చే శివరాత్రికి ముందే అధికారులు ఈ విషయం ఆలోచించాలి.