ఫోటో ఉండగా బొమ్మ ఎందుకు?

ఫోటో ఉండగా చేత్తో గీసిన బొమ్మకు డబ్బెందుకు పెట్టాలన్న ప్రశ్న తరచూ వినిపిస్తుంది. ఫోటో అబద్ధం చెప్పదన్న నమ్మకమే దానికి మూలం. కానీ మరీ దగ్గరగా తీసిన ఫోటోలో ముక్కు పెద్దదై, చెవులు చిన్నవైపోతాయి. మూతి పొడుగున్న కుక్కకైతే ఈ తేడా ఇంకా ఎక్కువ. మంచి చిత్రకారులు నాలుగైదు ఫోటోలు పోల్చి కొలతలు సరిచేస్తారు, బొచ్చు ఎటు వాలిందో చూసి పెన్సిల్‌ను అటే నడిపిస్తారు. మనిషికైనా కుక్కకైనా ఈ శ్రమ ఒకటే. జంతువుకు ఇంత అవసరమా అనేవారు చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ 1502లో వేసిన కుందేలు బొమ్మను చూడాలి: దాని కంట్లో కిటికీ ప్రతిబింబం కూడా మెరుస్తుంది. ఫోటోను ఉన్నదున్నట్టు దించేసేవాళ్లూ ఉన్నారు, నిజమే. డబ్బెందుకన్న ఆ ప్రశ్న వారిని అడగవచ్చు; చూసి, తూచి, దిద్దేవారికి మాత్రం బేరమాడకుండా పూర్తి ధర ఇవ్వాల్సిందే.