ఒకే అరలో ఉండవలసిన పుస్తకాలు

సెప్టెంబరు 8న శివాజీనగర్‌ సెయింట్ మేరీస్ బసిలికాలో మరియమాత ఉత్సవానికి బెంగళూరు నలుమూలల నుంచీ జనం తరలివస్తారు. అక్టోబరు 31న లూథరన్ సంఘాలు సంస్కరణ దినం జరుపుకుంటాయి. 1517లో మార్టిన్ లూథర్ తన 95 వాదాంశాలను ముందుకు తెచ్చిన రోజు అది. ఈ రెండు తేదీల నడుమ వెలువడుతున్న ఈ సంచికలో క్రైస్తవంలోని ఆ పాత చీలికను తలుచుకోవడానికి మాకు సాహిత్యపరమైన కారణమే ఉంది. కాథలిక్కులూ ప్రొటెస్టెంట్లూ పోటాపోటీగా పనిచేసిన రెండు శతాబ్దాల్లో తెలుగు వచనమూ తెలుగు అచ్చూ లాభపడ్డాయి. మన సాహిత్య చరిత్రలు మాత్రం ఆ మనుషులను ఈనాటికీ ఒకచోట కూర్చోబెట్టలేదు.

మైసూరు సీమలో ఈ తగవుకు కేంద్రంగా నిలిచిన వ్యక్తి ఫ్రెంచి కాథలిక్కు గురువు అబె దుబువా. 1799లో శ్రీరంగపట్నం పతనమయ్యాక చెదిరిపోయిన క్రైస్తవ కుటుంబాలను మళ్లీ కూడగట్టిన మనిషి. తలపాగా చుట్టి, ఈ దేశపు బట్టలు కట్టి, ఇక్కడి ఆచారాలు పాటిస్తూ జనం మధ్యే బతికాడు. మశూచి టీకా అంటే ఊళ్లన్నీ భయపడుతున్న రోజుల్లో దగ్గరుండి టీకాలు వేయించాడు. మూడు దశాబ్దాలు దక్షిణాదిలో గడిపి 1823లో యూరపు చేరాక, భారతదేశంలో క్రైస్తవ స్థితిగతులపై తన లేఖలను లండన్‌లో అచ్చు వేయించాడు. హిందువులను క్రైస్తవంలోకి తేవడం ఇక అయ్యే పని కాదన్నాడు. ప్రొటెస్టెంట్లు హడావిడిగా దేశభాషల్లోకి దింపుతున్న బైబిలు మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుందని వాదించాడు. మరుసటి ఏడాదే ప్రొటెస్టెంట్ల పక్షాన జేమ్స్ హఫ్, హెన్రీ టౌన్లీ చెరొక పుస్తకంతో ఆయనకు జవాబిచ్చారు. గ్రంథాన్ని సామాన్యుడి చేతికి నేరుగా ఇవ్వాలా, గురువు వివరించి చెప్పాలా అన్న లూథర్ నాటి ప్రశ్నే మూడు వందల ఏళ్ల తర్వాత మన భాషల మీదుగా మళ్లీ లేచింది.

దుబువాకు పేరు తెచ్చిన హిందువుల ఆచారాల గ్రంథం వెనుక ఒక తెలుగు బంధం ఉంది. అందులో చాలా భాగం కోర్దూ అనే జెసూయిట్ కాథలిక్కు గురువు రాసిపెట్టుకున్న ప్రతి నుంచి వచ్చిందని ఫ్రెంచి పరిశోధకురాలు సిల్వియా ముర్ 1987లో నిరూపించారు. కోర్దూ తెలుగు నేర్చి, తెలుగు నిఘంటువు కూర్చినవాడు. సంస్కృతానికి గ్రీకు, లాటిన్ భాషలతో చుట్టరికం ఉందని విలియం జోన్స్ కన్నా ముందే 1767లో పారిస్ పండితులకు రాసినవాడు.

అవతలి పక్షాన బెంజమిన్ షుల్జ్ ఉన్నాడు. మద్రాసులో తెలుగు నేర్చుకుని బైబిలు అనువాదానికి పూనుకున్న ఈ జర్మన్ లూథరన్, స్వదేశం వెళ్లాక 1740లలో హాలే పట్టణంలో తెలుగు చిన్న పుస్తకాలు అచ్చు వేయించాడు. తెలుగు అచ్చు చరిత్ర అక్కడే మొదలవుతుంది.

ఈ రెండు పక్షాల మధ్య నడిచిన మనిషి ఆనందరాయర్. 1811లో వెలువడిన ఆంగ్లికన్ గురువు క్లాడియస్ బుకానన్ పుస్తకంలో ఆయన కథ ఉంది. తెలుగు బ్రాహ్మణుడు, టిప్పు సేనలో ఒక పటాలానికి లెక్కలు రాసినవాడు. ముక్తి కోసం ఒక పెద్దాయన చెప్పిన మంత్రాన్ని నాలుగు లక్షల సార్లు జపించమంటే అంతకు మించి జపించాడు. అయినా మనసు కుదుటపడలేదు. మొదట కాథలిక్కుల ద్వారా క్రీస్తును గురించి తెలుసుకున్నాడు. తర్వాత తమిళ తీరంలోని ట్రాంకెబార్ ప్రొటెస్టెంట్ల దగ్గరికి చేరాడు. చివరికి విశాఖపట్నంలో లండన్ మిషనరీలు క్రాన్, డి గ్రాంజ్‌ల పక్కన కూర్చుని సువార్తలను తెలుగు చేశాడు. 1812లో శ్రీరాంపూర్‌లో మూడు సువార్తలు అచ్చయ్యేసరికి ఆ దొరలిద్దరూ కన్నుమూశారు. వాళ్ల పేర్లు చరిత్రకెక్కాయి. ఆనందరాయర్ పేరు ఈనాటి తెలుగు పాఠకుల్లో ఎందరు విన్నారు?

తొలి అనువాదాల భాష పండలేదన్న దుబువా మాటలో నిజం ఉంది. ఆ లోపాన్ని చూపి చదివే హక్కునే వాయిదా వేయడం తప్పు. చదవగా చదవగానే భాష పండుతుంది. ప్రొటెస్టెంట్లు సామాన్యుడి తెలివిని నమ్మారు, అది వారి గొప్పతనం. తమకు ముందు తెలుగులో రాసిన కాథలిక్కులకు దక్కవలసిన గౌరవం ఇవ్వకపోవడం వారి లోపం.

ఆ తగవు తీవ్రత ఇప్పుడు లేదు. 1947లో ఆంగ్లికన్, మెథడిస్టు తదితర సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘమయ్యాయి. 1965లో రెండవ వాటికన్ మహాసభ, లేఖనాలు విశ్వాసులందరికీ విరివిగా అందాలని ప్రకటించింది. దుబువా వద్దన్న పనిని ఆయన సంఘమే నెత్తికెత్తుకుంది. రెండేళ్లకు బెంగళూరులోనే అమలోర్‌పవదాస్ గురువు జాతీయ కాథలిక్కు బైబిలు కేంద్రాన్ని స్థాపించారు. 1999 అక్టోబరు 31న లూథరన్ ప్రపంచ సమాఖ్య, వాటికన్ కలిసి జర్మనీలో ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశాయి. అసలు చీలికకు మూలమైన నీతిమత్వ సిద్ధాంతం, అంటే మనిషి దేవుని ఎదుట నీతిమంతుడయ్యేది ఎలాగన్న ప్రశ్న మీదే ఆ ఒప్పందం. మన గుంటూరు లూథరన్లూ ఆ సమాఖ్యలోని వారే.

దైవశాస్త్రజ్ఞులు చేయగలిగినది సాహిత్యవేత్తలు ఎందుకు చేయకూడదు? మంగళగిరి ఆనందకవి 18వ శతాబ్దంలో క్రీస్తు కథను కావ్యంగా చెప్పిన ‘వేదాంత రసాయనము’, జెసూయిట్ల నిఘంటువులు, షుల్జ్ పుస్తకాలు, ఆనందరాయర్ చేయి పడ్డ సువార్తలు ఒకే సంపుటమాలగా, పాఠ పరిష్కారంతో రావాలి. 1910 నుంచి నడుస్తున్న యునైటెడ్ థియొలాజికల్ కాలేజీ, కాథలిక్కు బైబిలు కేంద్రం, బైబిలు సొసైటీ ప్రధాన కార్యాలయం మూడూ బెంగళూరులోనే ఉన్నాయి. తెలుగు విశ్వవిద్యాలయాలు ముందుకొచ్చి ఈ మూడింటితో చేతులు కలిపితే పని మొదలవుతుంది. సంపుటాల మొదటి పుటలో దొరల పేర్ల పక్కన ఆనందరాయర్ పేరు కూడా అచ్చు వేయాలని మా విన్నపం.