అన్నీ ఆవిడే చూసుకుంటుంటే...

పిల్లల బడి నుంచి ‘పేరెంట్స్ మీటింగు’ అని కబురొస్తే మీ ఇంట్లో ఎవరు వెళతారు? మా ఇంట్లో అయితే అడగక్కర్లేదు. మావారు పేపర్లోంచి తల ఎత్తకుండానే “నువ్వు చూసిరా” అంటారు. వంట ముగించుకుని, చీర మార్చుకుని, ఆటో పట్టుకుని వెళ్ళేది మనమే. తీరా అక్కడికి వెళ్ళాక మన పేరు కూడా మనకి మిగలదు. ‘నాలుగో క్లాసు పాప వాళ్ళమ్మ’, ‘ఆ పొడుగు బాబు వాళ్ళమ్మ’. వాడకట్టులో పదిమందికి సలహాలు చెప్పే మనిషి కూడా అక్కడ వెనక బెంచీలో ఒదిగి కూర్చుని, సంతకం పెట్టి వచ్చేస్తుంది.

ఇంతమంది ‘వాళ్ళమ్మ’ల్లో ఒకావిడకి మాత్రం పేరుంటుంది. హనుమకొండలో మా అమ్మాయి చదివే బడిలోనూ ఉంది. మేమందరం చాటుగా ఆవిడకి ‘కలెక్టరమ్మ’ అని పేరు పెట్టుకున్నాం. ఇక్కడా ఆ పేరే రాస్తున్నాను. ఈ పేరు సంగతి ఇప్పుడు ఆవిడకి తెలుసు లెండి, తెలిసిన రోజు నవ్వేసింది కూడా.

ఉన్నమాట చెప్పుకోవాలి. కలెక్టరమ్మ పని చేసే మనిషి. బళ్ళో మంచినీళ్ళ ఫిల్టరు పాడైపోయి రెండు నెలలైతే, రోజూ ఆఫీసు గది ముందు నిలబడి బాగు చేయించింది ఆవిడే. పిల్లల్ని రామప్పకి తీసుకెళ్ళిన రోజు బస్సు ఆలస్యమైతే, రాత్రి ఎనిమిది దాకా గేటు దగ్గరుండి ఒక్కొక్క పిల్లనీ అప్పజెప్పి ఇంటికెళ్ళింది. ఆ టైములో నేను ఇంట్లో చపాతీలు ఒత్తుకుంటున్నాను.

మరి బాధేమిటంటారా? తేదీ ఆవిడే పెడుతుంది. టిఫిను ఏమిటో ఆవిడే చెబుతుంది. చందా ఎంతో, ఏ రంగు చీర కట్టాలో, ఏ పాప ముందు వరుసలో నిలబడాలో అన్నీ ఆవిడే. చందా డబ్బు పోయేది కూడా ఆవిడ ఫోన్‌పే నంబరుకే. ఎవరైనా “అది కాదండీ...” అని మొదలుపెడితే ఒకే ఒక్క మాటతో మూసేస్తుంది. “మీకు టైముంటే మీరే చెయ్యండి!” ఈ మాట ముందు ఎంతటివాళ్ళకైనా నోరు పడిపోతుంది. ఎందుకంటే మనకి టైము లేదు. ఉన్నా, అంత పని నెత్తిన పెట్టుకోవాలని లేదు. రుద్రమదేవి ఏలిన ఓరుగల్లు మాదని చుట్టాలొస్తే ఖిలా చూపించి గొప్పలు చెప్పుకుంటామా, బడి మీటింగులో మాత్రం మా గొంతు పెగలదు!

ఇది ఇలాగే సాగిపోయేదేమో, ఆ బతుకమ్మ రాకపోతే.

దసరా సెలవులకి ముందు మా వైపు బళ్ళలో పిల్లలందరి చేతా బతుకమ్మ ఆడిస్తారు. ఆ ఏడు ఫోన్లో మా పేరెంట్స్ గ్రూపులో కలెక్టరమ్మ మెసేజీ పెట్టింది. తల్లులందరికీ పసుపు చీర, ఆకుపచ్చ అంచు. తలా అయిదు వందలు చందా. పూలు మార్కెట్లో హోల్‌సేలుగా కొంటాం, అని. చదవగానే నాకే చురుక్కుమంది. బతుకమ్మకి పూలు కొనడమేమిటండీ? తంగేడు, గునుగు, కట్ల పూలు... చేలగట్ల మీదా పొదల్లోనూ వాటంతటవే పూసేవాటిని తెచ్చి పేర్చుకునే పండగ అది. లేనివాళ్ళూ ఉన్నవాళ్ళూ ఒకే చప్పట్లలో తిరిగే పండగ.

కరీమాబాద్ నుంచి ఒక చెల్లెలు వాళ్ళ పాపని మా బడికే పంపిస్తుంది. ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. ఆ చెల్లెలు గ్రూపులో ఇలా పెట్టింది: “అక్కా, పైసల బదులు పూలు దెస్త. మా అమ్మగారింటి దిక్కు గునుగు మస్తుగుంటది.” దానికి కలెక్టరమ్మ జవాబు: “ఒక్కొక్కరికి ఒక్కో రూల్ పెడితే ప్రోగ్రాం నడవదు. చందా ఇవ్వనివాళ్ళ పిల్లలు కూర్చుని చూడొచ్చు.”

దాన్ని మేం ముప్ఫైమందికి పైగా చదివాం. ఒక్కరూ ఏమీ రాయలేదు. నేనూ రాయలేదు. పొయ్యి మీద పప్పుంది, తరవాత చూద్దాంలే అని ఫోను పక్కన పెట్టేశాను.

బతుకమ్మ రోజున ఆ పాప మెట్ల మీద కూర్చుంది. వాళ్ళమ్మ కుట్టిన కొత్త లంగా జాకెట్టు వేసుకుని, జడనిండా పూలు పెట్టుకుని, మిగతా పిల్లలు తిరుగుతుంటే కూర్చునే చప్పట్లు కొడుతోంది. ఇంటికొస్తుంటే ఆటోలో మా అమ్మాయి అడిగింది, “అమ్మా, అదెందుకు ఆడలేదు? దానికి పాటలన్నీ వచ్చు” అని. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి సరిగ్గా అన్నం సయించలేదంటే నమ్మండి.

తరవాత మేమేం చేశామో చెబితే మీకు నవ్వొస్తుంది. మన ఆడవాళ్ళం చేసేదే చేశాం. గేటు దగ్గర, కూరల బండి దగ్గర, ఫోన్లలో పదిహేను రోజులు ఆవిణ్ణి ఆడిపోసుకున్నాం. ఆవిడ లేకుండా వేరే గ్రూపు పెట్టుకున్నాం. అది నాలుగు రోజులు నడిచింది. అయిదో రోజున అందులోనూ ఒకావిడ ‘అందరూ ఎనిమిదింటికల్లా జవాబు పెట్టాలి’ అని హుకుం జారీ చేసింది!

మా అత్తమ్మ ఇవన్నీ వింటూ చిక్కుడుకాయ ఈనెలు తీస్తోంది. ఉన్నట్టుండి అంది కదా: “పొయ్యి కాడ ఒక్కతే నిలబడితే పెత్తనం గూడ గామెదే ఐతది బిడ్డా. మీరెవ్వరన్న పోయి గంటె పట్టుకున్నరా?”

చురక తగిలింది. మర్నాడు పదకొండింటికి, పనులు తెమిలే వేళ చూసుకుని కలెక్టరమ్మ ఇంటికి ఒక్కదాన్నే వెళ్ళాను. ఒక్కదాన్నే అని ఎందుకు చెబుతున్నానంటే, నలుగురం కలిసి వెళితే అది పంచాయితీ అవుతుంది. గ్రూపులో రాస్తే తగువవుతుంది. ఫోన్లో అయితే మొహం కనబడదు. ఇంకొక జాగ్రత్త కూడా తీసుకున్నాను. “అందరూ మిమ్మల్ని ఇలా అనుకుంటున్నారు” అనే మాట నోటివెంట రానివ్వలేదు. అంటే ఆవిడ వెంటనే “ఎవరా అందరూ?” అంటుంది. పేర్లు చెప్పలేం, చెబితే కొంపలు మునుగుతాయి. నేను చూసింది, నాకు అనిపించింది మాత్రమే చెప్పాను. ముందు ఫిల్టరు సంగతి, బస్సు సంగతి ఎత్తి, అప్పుడు చెప్పని థాంక్స్ ఇప్పుడు చెప్పాను. తరవాత మెట్ల మీద కూర్చున్న పాప సంగతి చెప్పాను.

కలెక్టరమ్మకి కోపమొచ్చింది. “ఒక్కదాన్నే చస్తున్నాను, చివరికి నాకే మాటలా?” అంటూ లోపలికెళ్ళి ఒక ప్లాస్టిక్ సంచీ తెచ్చి నా ముందు గుమ్మరించింది. షామియానా, మైకు, టిఫిన్ల బిల్లులు. చందాలు చాలక తన చేతినుంచి మూడు వేల దాకా పెట్టింది. భర్తకి తెలియకుండా! “పూల కోసం మీకే రెండుసార్లు ఫోన్ చేసిన, ఎత్తిన్రా?” అంది. ఎత్తలేదు. ఆ నంబరు చూసి, ఇప్పుడేం పని చెబుతుందో అని కావాలనే వదిలేశాను.

పాప గురించి మాత్రం చాలాసేపు ఏమీ అనలేదు. “నాకు కనబడలేదు” అంది చివరికి. ముప్ఫై బతుకమ్మల హడావిడిలో నిజంగానే కనబడలేదేమో. టీ ఇచ్చింది, తాగి వచ్చేశాను. సినిమాలోలాగా ఆవిడ ఆ క్షణమే మారిపోయిందని మాత్రం అనుకోకండి.

మా చెల్లెలు పరకాల వైపు ప్రభుత్వ బడిలో టీచరు. ఇదంతా చెబితే “మీ ప్రైవేటు బళ్ళల్లో ఇదే తంటా, మాకు చట్టముంది” అంది. నిజమే. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడిలో యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడొంతులమంది పిల్లల తల్లిదండ్రులే. మొత్తం సభ్యుల్లో సగంమంది ఆడవాళ్ళు. బలహీనవర్గాల పిల్లలు ఎంతమంది ఉంటే ఆ లెక్కన వాళ్ళ తల్లిదండ్రులకీ చోటివ్వాలి. వచ్చిన గ్రాంటు ఎలా ఖర్చయిందో చూడటం కమిటీ పని. అంతకుముందు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లోనే బడి కమిటీలకి ఒక చట్టం చేశారు. 2024లో తెలంగాణలో వచ్చిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలకైతే మహిళా సంఘాల సమాఖ్య అధ్యక్షురాలే చైర్‌పర్సన్, హెడ్మాస్టరు కన్వీనరు. మంచినీళ్ళు, మరుగుదొడ్లు, కరెంటు, చిన్న చిన్న రిపేర్లు వాళ్ళ చేతిమీదుగా చేయించారు. కాగితం మీద ఉన్నదంతా ప్రతి ఊళ్ళోనూ జరుగుతుందని కాదు. అక్కడా సంతకం పెట్టి ఇంటికెళ్ళిపోయే అమ్మలుంటారు. కానీ లెక్క అడిగే హక్కు ఉందని రాసిపెట్టి ఉంది. మన ప్రైవేటు బళ్ళకి ఆ కమిటీ నిబంధన వర్తించదు. అయినా మంచి పద్ధతి పక్కింటి నుంచి తెచ్చుకుంటే తప్పేముంది?

ఆ పద్ధతి మాకు తెచ్చిపెట్టింది ఎవరో తెలుసా? ఆ జాకెట్లు కుట్టే చెల్లెలే.

సంక్రాంతికి మా ఇంట్లో సకినాలు పెట్టుకున్నాం. సకినాలంటే ఒక్క చేత్తో అయ్యే పని కాదు. రాత్రంతా నానిన బియ్యం పిండి పట్టించి, నువ్వులూ వామూ ఉప్పూ వేసి కలిపి, గుడ్డ పరిచి, చుట్లు చుట్టాలి. నాలుగైదు జతల చేతులు కావాలి. బడి అమ్మల్ని ఎనిమిదిమందిని పిలిచాను, అందులో కలెక్టరమ్మనీ ఈ చెల్లెలినీ కూడా. కావాలనే పిలిచాను, దాచడమెందుకు. ఇద్దరూ చెరో మూల కూర్చున్నారు. చేతులకి పనుంటే నోళ్ళకి బెరుకు తగ్గుతుందంటారు, అలాగే అయింది. జనవరి 26 ప్రోగ్రాం మాటొచ్చింది, దాని వెనకే చందా మాటొచ్చింది, అందరం గతుక్కుమన్నాం.

పిండి చుట్టుకుంటూనే తల ఎత్తకుండా అంది చెల్లెలు: “మా మెప్మా సంగంల పదిమందిమున్నం అక్కా. పైసలు అందరి ముందట లెక్కవెడ్తం. బుక్కుల రాస్తం. పోయిన మీటింగుల ఏమనుకున్నమో సదివి, అందరం సంతకం వెడ్తం. ఎవలన్న ఇయ్యకపోతే వాళ్ళ పేరు గూడ రాస్తం. గని, ఎందుకు ఇయ్యలేదో అడిగి రాస్తం.”

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. కలెక్టరమ్మ చుడుతున్న సకినం తెగిపోయింది. మళ్ళీ మొదటినుంచి చుట్టి, “ఆ బుక్కు ఎట్లుంటదో ఓసారి తెచ్చి చూపిస్తవా చెల్లె?” అంది.

మా నోటుబుక్కు అలా మొదలైంది. చందా ఇంత అని లేదు. డబ్బిస్తారో, పూలు తెస్తారో, వచ్చి రెండు గంటలు పనిచేస్తారో ఎవరి వీలు వాళ్ళది. ఏమి ఇచ్చినా ఇవ్వకపోయినా పిల్లలందరూ ఆడాలి, దీని మీద ఎవరూ వాదించకూడదు. డబ్బు ఒకరి దగ్గర, బుక్కు ఇంకొకరి దగ్గర. పని పంచడంలో ఒక చిన్న కిటుకు మాకు అనుభవం మీద తెలిసింది. “ఎవరైనా సాయం చేస్తారా?” అని గుంపులో అడిగితే ఒక్క చెయ్యీ లేవదు. “మీరు టిఫిన్ల సంగతి చూడండి, పదింటికొచ్చి పన్నెండింటికి వెళ్ళిపోవచ్చు” అని మొహం చూసి అడిగితే కాదనేవాళ్ళు తక్కువ.

మీ బడిలోనూ ఇలాంటి కలెక్టరమ్మ ఉండి, “మీకు టైముంటే మీరే చెయ్యండి” అంటే తల దించుకోకండి. “అంతా చెయ్యలేనండీ, పూల సంగతి నేను చూస్తాను” అనండి. అన్నాక నిజంగా చూడాలి మరి! మెత్తగా చెప్పినా వినక, డబ్బుకి లెక్క చూపకపోతే మాత్రం మొహమాటపడొద్దు. ఇద్దరు ముగ్గురు సంతకాలు పెట్టి హెడ్మిస్ట్రెస్‌కి కాగితం ఇవ్వండి. ఎంత కోపమున్నా పిల్లల ముందు ఆ తల్లి పేరెత్తకండి. మర్నాడు ఆ మాట క్లాసులో వాళ్ళ పిల్ల చెవిన పడుతుంది.

జనవరి 26న లెక్క చదివింది చెల్లెలే. మొదట గొంతు వణికింది, తరవాత సర్దుకుంది. రెండు వందల డెబ్భై రూపాయలు మిగిలాయి. వాటినేం చెయ్యాలని అరగంట వాదించుకుని, తేలక బుక్కులో అలాగే రాసి పెట్టాం. ఆ పాప మాత్రం కలెక్టరమ్మ ఎదురైతే ఇప్పటికీ వాళ్ళమ్మ కొంగు వెనక్కి పోతుంది. చాక్లెట్ ఇచ్చినా తీసుకోదు.

ఇక కలెక్టరమ్మ. తేదీ అందరం కలిసి పెడితే ఒప్పుకుంది, చీర రంగు ఎవరిష్టం వాళ్ళదంటే మూతి ముడుచుకునైనా ఒప్పుకుంది. “మైకు మాత్రం నాకిడిసిపెట్టున్రి” అంది. వదిలేశాం. అంత గొంతు మాలో ఇంకెవరికీ లేదు.